ఆఖరివాడు రాకముందే మడిచేసిన బల్ల

మద్రాసు నుంచి తిరిగొచ్చాక తిరువూరులో కనపడ్డ ప్రతివాళ్లూ అడిగింది ఒకటే. "సముద్రం చూశారా మాస్టారూ?" చూడలేదు. అరగంటసేపు నా ఎడమచేతి పక్కనే ఉంది. హోరు వినపడింది, ఉప్పుగాలి మొహానికి తగిలింది. తల తిప్పితే అడుగు తడబడుతుందేమోనని చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు చూడొచ్చులే అనుకున్నాను. ఆ వచ్చేటప్పటికి నా కాళ్లు తప్ప నాకింకేమీ గుర్తు లేదు. కాబట్టి మద్రాసు వెళ్లనివాళ్లు ఈ రాతలో సముద్రం కోసం వెతక్కండి. కొంతమంది మనుషులున్నారు, ఒక గ్లాసు మజ్జిగ ఉంది, ఒక మడతబల్ల ఉంది. మిగిలిందంతా నా కోపం.

తిరువూరు

నా పేరు దేవదానం. హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. డ్రిల్లు పీరియడు అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెబుతాను. లెక్కల మాస్టారికి పాఠాలు మిగిలిపోతే ఆయన తీసుకునేది, సైన్సు టీచరు సెలవు పెట్టి వస్తే ఆవిడ తీసుకునేది, ఇన్‌స్పెక్షను వస్తోందంటే పిల్లల చేత బెంచీలు తుడిపించేది. పోయిన ఏడాది పదో తరగతికి ఆ పీరియడు పూర్తిగా ఎత్తేశారు. హెడ్మాస్టరు గారిని అడిగితే, "పరిగెత్తటానికి పీరియడెందుకండీ దేవదానం గారూ? బెల్లు కొట్టగానే ఎలాగూ ఇళ్లకి పరిగెత్తుతారుగా" అన్నారు. స్టాఫ్ రూమంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ వారమే పేపర్లో చిన్న ప్రకటన పడింది. మద్రాసులో మారథాను పరుగు. ఇరవై ఆరు మైళ్ల చిల్లర. ఎవరైనా పాల్గొనవచ్చు, అయిదు గంటల్లోపు చేరినవాళ్లందరికీ సర్టిఫికెట్టు ఇవ్వబడును. ఆ ముక్క కత్తిరించి హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు.

"ఇరవై ఆరు మైళ్లా? మీరా? ఈ వయసులోనా?"

"ముప్పై ఎనిమిదండీ."

"సరే, పూర్తి చేసినట్టు కాగితం తెండి. పదో తరగతి పీరియడు మీకే" అన్నారు, అందరూ వింటుండగా. వేళాకోళానికి అన్నారని నాకు తెలుసు. అయినా అన్నారు. నాకు అది చాలు.

ఆట సామాన్లు పెట్టే బీరువా తలుపు లోపలివైపు సుద్దముక్కతో మూడు మాటలు రాసుకున్నాను. ఎక్కడా నడవకూడదు. నాలుగున్నర గంటల్లో చేరాలి. కాగితం తేవాలి. మూడోదాని కింద గీత గీశాను.

మూడు నెలలు పరిగెత్తాను. మొదటి ఆదివారం ఏడు రాళ్లు పరిగెత్తి, ఏడు మైళ్లన్న మాటే అనుకుని మురిసిపోయాను. తరవాత చూస్తే అవి కొత్తగా పాతిన కిలోమీటరు రాళ్లు. పాత మైలు రాళ్లు కొన్ని పీకారు, కొన్ని వదిలేశారు. ఏది ఏదో గుర్తు పెట్టుకోవటానికే నాకు రెండు వారాలు పట్టింది. ఆ తరవాత గంపలగూడెం పోయి రావటం, ఆపైన నెమలి దాకా. గుడి గోపురం కనపడగానే వెనక్కి తిరిగేవాణ్ణి.

మన రోడ్ల మీద పరిగెత్తటం ఎంత కష్టమో పరిగెత్తితేగాని తెలియదు. కాళ్లతో కాదు కష్టం, మనుషులతో. పెద్దమనిషి పరిగెత్తుతున్నాడంటే ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనే అర్థం. ప్రతి బండీ ఆగేది. "ఏమైందండీ, ఎవరికైనా బాగోలేదా?" ఎవరికీ ఏం కాలేదంటే నమ్మేవాళ్లు కాదు. బస్సు కండక్టరు తలుపులోంచి వంగి, "ఎక్కండి మాస్టారూ, టికెట్టు అక్కర్లేదు" అనేవాడు. వద్దంటే మొహం మాడ్చుకునేవాడు. నెల తిరిగేసరికి దేవదానం మాస్టారు నెమలి వేణుగోపాలస్వామికి మొక్కుకున్నాడని ఊళ్లో పుకారు. అది మా పాస్టరు గారి దాకా వెళ్లింది. ఆయన మా ఇంటికొచ్చి, మా ఆవిడ మార్తమ్మ ఇచ్చిన టీ తాగుతూ, "ఆదివారం ఆరాధనకి రావటం లేదు. గోపురం దాకా వెళుతున్నావంట. ఏంటి సంగతి?" అని అడిగారు. అయిదు గంటల లోపు చేరాలని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు, ప్రార్థన చేసి వెళ్లారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ దారిలో ఒక ఇంటి ముందు ఆగి మంచినీళ్లడిగేవాణ్ణి. ఆ ఇంటి పిల్లలిద్దరూ నా దగ్గరే డ్రిల్లు నేర్చుకున్నారు. ఆ ఇంటావిడ మర్యాదగా "రండి మాస్టారూ" అనేది. చెంబు తెచ్చేది. నేను వంగి దోసిలి పట్టేవాణ్ణి, ఆవిడ పైనుంచి పోసేది. గ్లాసు నా చేతికి ఇచ్చింది లేదు, నేను అడిగిందీ లేదు. మా నాన్నా అలాగే తాగాడు. మూడు నెలల్లో నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదు. ఆ కోపం మద్రాసులో వచ్చింది. ఎందుకు వచ్చిందో అక్కడికి వెళ్లాక చెబుతాను.

బెజవాడ నుంచి రైల్లో

మార్తమ్మ వేరుశెనగ ఉండలు, చింతకాయ పచ్చడి, అన్నం మూటకట్టింది. పగటి బండి ఎక్కాను. ఒంగోల్లో ఎక్కిన పొగాకు వ్యాపారి నా ఎదురుగా కూర్చుని, నా సంచిలో తెల్లటి గుడ్డబూట్లు చూసి ఏ ఊరు, ఎందుకు అని మొదలుపెట్టాడు. చెప్పాను.

"అంత దూరం పరిగెత్తితే ఏమిస్తారండీ?"

"సర్టిఫికెట్టు."

"కాగితమా?" అని ఆయన పెట్టెలో ఉన్నవాళ్లందరి వంకా చూశాడు. "కాగితం కోసం మద్రాసు దాకా ఎందుకండీ? మా ఒంగోల్లో తాలూకాఫీసు మెట్లెక్కితే కూర్చున్నచోటే కావలసినన్ని రాయించి ఇస్తారు."

అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. ఆయనకి వేరుశెనగ ఉండ పెట్టాను. దిగేముందు, "పడిపోకండి మాస్టారూ, పెళ్లాం పిల్లలు గలవాళ్లు" అని నా భుజం తట్టాడు. మంచివాడే.

మద్రాసు

స్టేషను దగ్గరలో లాడ్జి, రోజుకి ఆరు రూపాయలు. గదిలో మంచం పడితే మనిషి పట్టడు, మనిషి పడితే సంచి పట్టదు. భోజనం అరిటాకులోనే, కానీ అన్నంలో ముందే సాంబారు పోసేస్తారు. పప్పు, నెయ్యి, పచ్చడి ఇలా వరసగా తిందామనుకున్నవాడికి దారి లేదు. కారం అడిగితే మిరియాల రసం పోశాడు. మా ఆవిడ కట్టిన పచ్చడి తీసి ఆకు అంచున పెట్టుకుంటే వడ్డించేవాడు నవ్వి నాలుగు మాటలన్నాడు. ఒక్కటీ అర్థం కాలేదు. కాఫీ మాత్రం మన దగ్గర ఎక్కడా అలా ఉండదు. నలభై పైసలకి గిన్నెలో గ్లాసు పెట్టి ఇస్తారు. అందరూ గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటున్నారు. నేనూ ప్రయత్నించి చొక్కా మీద పోసుకున్నాను.

సాయంత్రం పేరు నమోదు చేయించుకోవటానికి వెళ్లాను. పరుగు జరిపే సంఘం కార్యదర్శి నల్ల కోటు వేసుకుని ఫ్యాను కింద మడతబల్ల ముందు కూర్చున్నాడు. నా దరఖాస్తు చూసి, బూట్లు చూసి, మళ్లీ దరఖాస్తు చూశాడు. జాబితాలో నా పేరు పక్కన ఊరు అన్న గడిలో 'ఆంధ్ర' అని రాశాడు. తిరువూరు అని రాయమన్నాను. "అది ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఇంగ్లీషులో. తెలియదు కాబట్టే రాయమంటున్నానని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. పెన్ను మూత పెట్టేశాడు. తొంభై నాలుగు అని రాసిన గుడ్డముక్క చేతిలో పెట్టాడు, గుండుసూదులు మాత్రం మనమే తెచ్చుకోవాలట.

పరుగు

తెల్లవారగానే తుపాకీ పేల్చారు. అందరూ గొర్రెల మంద విడిచినట్టు పోయారు. నేను నా నెమలి రోడ్డు పరుగు వదల్లేదు. ఊపిరి నాలుగడుగులకి ఒకసారి, చేతులు నడుం దగ్గర. సముద్రం ఒడ్డున అరగంట. తరవాత రోడ్డు ఊళ్లోకి తిరిగింది. మొదటి రెండు చోట్ల బల్లల మీద నీళ్లున్నాయి. మూడోచోట బల్ల ఉంది, నీళ్లు లేవు. నాలుగోచోట అరటితొక్కలు ఉన్నాయి.

పదకొండో మైలు దగ్గర రైలు గేటు పడింది. సైకిళ్లవాళ్లు, నా వెనకొచ్చిన పరుగువాళ్లు కూడా కర్ర కింద దూరి పోతున్నారు. గూడ్సు ఇంకా కనపడటం లేదు. నేను దూరలేదు. పడిన గేటు కింద దూరకూడదని పన్నెండేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను, దూరినవాళ్ల చేత గుంజీలు తీయించాను. కాగితం కోసం వచ్చి ఇప్పుడు నేనే దూరితే తిరువూరు వెళ్లి వాళ్ల మొహం ఎలా చూడను? నిలబడ్డచోటే కాళ్లాడిస్తూ ఉన్నాను. గేటుమాను, జుట్టు నెరిసినవాడు, నన్ను ఎగాదిగా చూశాడు. గూడ్సు వచ్చేసరికి, పోయేసరికి తొమ్మిది నిమిషాలు నా చేతి గడియారంలో.

గేటు దాటాక ముందున్నవాళ్లు కనపడలేదు. బనీను, నిక్కరుతో ఒంటరిగా పరిగెత్తుతుంటే నాలుగురోడ్ల దగ్గర పోలీసు కానిస్టేబులు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఏదో ఎత్తుకుని పారిపోతున్నాననుకున్నాడు. గుండె మీది అంకె చూపించాను. పరుగు అయిపోయిందని తనకి చెప్పారట, రోడ్డు వదిలేయమన్నారట. ఇంకా అయిపోలేదని వేళ్లతో లెక్కపెట్టి చూపించాను. ఆయనకి తప్పు తెలిసొచ్చి, రెండు వైపులా బండ్లని ఆపి నన్ను దాటించాడు. కారులో వెళ్లే దొరకి కూడా అలా ఆపరు.

పద్దెనిమిదో మైలు తరవాత నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మలుపులో మట్టికుండ పెట్టుకుని ఒకావిడ మజ్జిగ అమ్ముతోంది. నన్ను చూసి తెలుగులోనే కేకేసింది. వాళ్లది సూళ్లూరుపేట దగ్గరట, పేరు రంగమ్మ అని మర్నాడు తెలిసింది.

"ఏందయ్యా, ఎవరు తరమతా ఉండారు నిన్ను?"

"ఎవరూ లేరమ్మా. దాహంగా ఉంది, డబ్బుల్లేవు."

"ఆ నిక్కర్లో డబ్బులేడుంటాయి. రా, తాగి పో."

నేను ఆవిడ ముందు వంగి దోసిలి పట్టాను.

ఆవిడ చెంబు ఎత్తబోయి ఆగింది. "చేతులెందుకు చాస్తా ఉండావు? గ్లాసు ఉండాదిగా" అంది. గ్లాసు నింపి నా చేతిలో పెట్టింది. తాగాను. ఇంకో గ్లాసు పోసింది. అదీ తాగాను. కడిగి ఇద్దామని నీళ్లకోసం చూస్తుంటే, "పెట్టెళ్లు, నేను కడుక్కుంటాలే" అంది.

అక్కడి నుంచి మైలు దూరం నేను ఏడుస్తూ పరిగెత్తాను. ఆవిడ మీద ప్రేమతో కాదు. వంగిన నా నడుం మీద కోపంతో. నా ఊళ్లో, నా శిష్యుల ఇంటి ముందు, నాకు చెప్పకుండానే వంగే ఆ నడుం మీద ఒళ్లు మండిపోయింది. ఆ మండటంలోనే రెండు మైళ్లు తెలియకుండా గడిచాయి.

చివరి నాలుగు మైళ్లు ఒక మిల్లు పనివాడు నాతో కలిశాడు. బనీను మీద ఇంగ్లీషులో మిల్లు పేరుంది, తన పేరు ముత్తు అని గుండె తట్టుకుని చెప్పాడు. బూట్లు లేవు. అతని అరవం నాకు రాదు, నా తెలుగు అతనికి రాదు. నేను నెమ్మదిస్తే అతను చిటికె వేసేవాడు, అతను నెమ్మదిస్తే నేను వేసేవాణ్ణి. ఒక్క అడుగు కూడా నడవలేదు. మైదానం గేటులోకి వచ్చేసరికి నా గడియారంలో నాలుగు గంటల ముప్పై నాలుగు నిమిషాలు.

అక్కడ ఎవరూ లేరు. షామియానా సగం దింపారు. ఇద్దరు కూలీలు తివాచీ చుడుతున్నారు. సున్నపు గీత పక్కన నిన్న కార్యదర్శి కూర్చున్న మడతబల్ల మడిచి గోడకి ఆనించి ఉంది. కూలీల్లో తెలుగు కొంచెం వచ్చినవాడు చెప్పాడు, ముఖ్య అతిథికి వేరేచోట ఇంకో సభ ఉందట, అందుకని బహుమతులు తొందరగా ఇచ్చేసి అందరూ వెళ్లిపోయారట. సర్టిఫికెట్ల పెట్టె కూడా కారులోనే వెళ్లింది. అయిదు గంటలు అని అచ్చువేసిన కాగితం నా సంచిలో ఉంది. అది పట్టుకుని ఎవరిని అడగాలి? తివాచీ చుట్టేవాళ్లనా?

ముత్తు నవ్వాడు. సున్నపు గీత మీద కాలు పెట్టి, నాకు దణ్ణం పెట్టి, పనికి పోవాలని సైగ చేశాడు. అతను నవ్వినందుకు నాకు అతని మీద కూడా కోపమొచ్చింది.

మర్నాడు

పొద్దున్నే కార్యదర్శి ఇంటిముందున్న ఆఫీసుకి వెళ్లాను. కాళ్లు మెట్లెక్కనంటున్నాయి. అయిదు గంటలని మీరే వేశారు, నేను నాలుగున్నరకి వచ్చాను, కాగితం ఇవ్వండి అన్నాను. ఆయన ఇడ్లీ తింటూ వింటున్నాడు.

"వచ్చారని ఎలా తెలుస్తుంది? మిమ్మల్ని ఎవరు చూశారు?"

"చూడవలసింది మీరు."

"నేను చూడలేదుగా" అని చెయ్యి కడుక్కోవటానికి లేచాడు.

నేను అక్కడే గుమ్మంలో నిలబడిపోయాను. మన దగ్గర పొలం గట్టు తగువైనా, పశువు తప్పిపోయినా కాగితం రాసి చూసినవాళ్ల చేత సంతకం పెట్టిస్తాం. చూసినవాళ్లే కావాలా? చూపిస్తాను అనుకున్నాను. తెల్లకాగితం కొని, తిరువూరు వాస్తవ్యుడు దేవదానం అనే నేను అని మొదలుపెట్టి జరిగిందంతా తెలుగులో రాశాను. సిటీ బస్సెక్కి నా దారి వెంటే మళ్లీ బయలుదేరాను.

గేటుమాను నన్ను చూడగానే గుర్తుపట్టాడు. కర్ర కింద దూరని మనిషిని ఎలా మరిచిపోతానన్నట్టు చేతులూపాడు. గేటు వేసిన టైము తన పుస్తకంలో చూసి, నా కాగితం మీద అరవంలో రాసి సంతకం చేశాడు. కానిస్టేబులు ముందు భయపడ్డాడు, చెయ్యి పట్టుకున్నందుకు ఫిర్యాదేమోనని. సంగతి తెలిశాక ఇంగ్లీషులో సంతకం పెట్టి, కింద తన నంబరు వేశాడు. మిల్లు గేటు దగ్గర ముత్తు కూడా పెట్టాడు. తనకి కాగితం అక్కర్లేదా అని సైగ చేస్తే మళ్లీ ఆ నవ్వే.

రంగమ్మకి సంతకం రాదు. వేలిముద్ర వేసింది. "దీంతో నీకేమొస్తాదయ్యా?" అంది.

"మా బళ్లో పిల్లలకి ఆడుకోటానికి ఒక గంట వస్తుందమ్మా."

"ఆడుకోటానికి కాయితం కావాలా మీ ఊళ్లో?" అని బుగ్గన వేలు పెట్టుకుంది. మిగిలిన వేరుశెనగ ఉండలన్నీ ఆవిడకిచ్చాను. మళ్లీ గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఈసారి నిటారుగా నిలబడి తాగాను.

కాగితం తీసుకెళ్లేసరికి కార్యదర్శి ఆఫీసుకి తాళం వేసి ఉంది. మధ్యాహ్నం బండికి టికెట్టు కొనుక్కున్నాను.

మళ్లీ తిరువూరు

హెడ్మాస్టరు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. "రబ్బరు స్టాంపు ఏదండీ?"

జరిగింది చెప్పాను. ఆయన వేలిముద్రని చూసి మూతి విరిచారు. అరవం సంతకాలు చదవలేక పక్కన పెట్టబోయి, కానిస్టేబులు నంబరు దగ్గర ఆగారు.

"ఇది పోలీసు సంతకమా?"

"అవునండి."

"మరి ముందే చెప్పరేం?" అన్నారు. టైమ్‌టేబులు తెప్పించి పదో తరగతి గడిలో డ్రిల్లు అని రాశారు.

నాకు మజ్జిగ పోసిన వేలికి విలువ లేదు. నా చెయ్యి పట్టుకుని ఆపినవాడి నంబరుకి ఉంది. పీరియడు వచ్చినందుకు సంతోషించమని మార్తమ్మ అంటుంది. సంతోషమే. కోపం మాత్రం అలాగే ఉంది, ఉండనీ.

ఇప్పుడు నెమలి రోడ్డు మీద పరిగెత్తినప్పుడు ఆ ఇంటిముందు ఆగి గ్లాసు అడుగుతున్నాను. మొదటిసారి అడిగినప్పుడు ఆవిడ లోపలికి వెళ్లి చాలాసేపటికిగాని రాలేదు. వచ్చింది, గ్లాసు తెచ్చింది. అది అటక మీది పాత గ్లాసని చూడగానే తెలుస్తోంది. అయినా తాగుతున్నాను. కొత్త గ్లాసు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

పోయిన నెల పదో తరగతికి మూడు మైళ్ల పరుగు పెట్టాను. సున్నం గీత గీయించి, పక్కన బల్ల వేసి, కుండలో నీళ్లూ పది గ్లాసులూ పెట్టించాను. ఎవరినీ దోసిలి పట్టనివ్వలేదు. హెడ్మాస్టరు గారిని కుర్చీలో కూర్చోబెట్టి కాగితం, పెన్ను, స్కూలు స్టాంపు ముందు పెట్టాను. ముప్పై ఒక్కమంది వచ్చేశారు. ముప్పై రెండోది సువార్తమ్మ. రోడ్డు చివర చుక్కలాగా కనపడుతోంది, పరిగెత్తుతోందో నడుస్తోందో తెలియటం లేదు. హెడ్మాస్టరు గారు గడియారం చూసుకుని లేచి, బల్ల తీసేయమని అటెండరుకి సైగ చేశారు.

నేను బల్ల మీద చెయ్యి వేశాను. "ఇంకో అమ్మాయి రావాలి సార్" అన్నాను. "కూర్చోండి."

ఆయన నా మొహం చూశారు. కూర్చున్నారు.